కిటికీలన్నీ మూశాం, మరి లోపలి పొగ ఎటు పోవాలి?

ఇంటి లోపలి గాలి గురించి మీ సందేహాలు రాయమని పోయిన సంచికలో అడిగాం. బెంగళూరులో ఉంటున్న మనవాళ్ల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. బయట ట్రాఫిక్, దుమ్ము, పుప్పొడి అని కిటికీలు మూసుకుంటున్నాం అని దాదాపు అందరూ రాశారు. లోపల మనం వెలిగించేవాటి సంగతి మాత్రం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, అందుకే నేను ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను. ఒక ఉత్తరం ఆగేది కాదు, దాన్ని అన్నిటికంటే ముందు పెడుతున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం కేఆర్ పురంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. బాత్‌రూంలోనే గ్యాస్ గీజర్ ఉంది, ఓనర్ పెట్టించిందే. చలి ఎక్కువగా ఉందని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టాం. ఈమధ్య తలంటు పోసుకున్న రోజున తల దిమ్ముగా ఉంటోంది, ఒకసారైతే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. బీపీ మామూలుగానే ఉంది. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్‌లో 98 వచ్చింది. రక్తం తక్కువేమో అని మా అత్తగారు అంటున్నారు. (ఒక గృహిణి, కేఆర్ పురం)

జవాబు: అమ్మా, ముందు లేచి వెళ్లి ఆ అట్టముక్క తీసేయండి, మిగతాది వచ్చాక చదవండి.

గ్యాస్ సరిగ్గా మండాలంటే గాలి కావాలి. చిన్న బాత్‌రూం, తలుపు గడియ పెట్టి ఉంది, వెంటిలేటర్ మూసి ఉంది, గీజర్ మండుతూనే ఉంది. అప్పుడు గదిలో ఆక్సిజన్ తగ్గిపోయి మంట సగం సగంగా మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే వచ్చే వాసన అందులో కలిపిన మందుది, అది వస్తే మనకు తెలుస్తుంది. ఇది అలా తెలియదు. ఊపిరితో లోపలికి వెళ్లి రక్తంలో హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది, ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో మెదడుకీ గుండెకీ అందాల్సిన ఆక్సిజన్ అందదు. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం. ఆ తర్వాత స్పృహ తప్పడం. కాళ్లు కదలనప్పుడు లోపలి నుంచి గడియ తీసే ఓపిక కూడా ఉండదు. అందుకే బాత్‌రూంలో పడిపోయినవాళ్లను తలుపు బద్దలుకొట్టి తీయాల్సి వస్తుంది.

మీరు రాసినదాంట్లో నాకు ముఖ్యంగా కనిపించింది 'తలంటు పోసుకున్న రోజున' అన్న మాట. మామూలు స్నానం త్వరగా అయిపోతుంది, తలంటైతే వేడినీళ్లు ఎక్కువసేపు తిప్పుతారు, గీజర్ అంతసేపూ మండుతుంది. రక్తం తక్కువైతే మెట్లు ఎక్కినా ఆయాసం రావాలి, రోజూ నీరసంగా ఉండాలి. ఆ పరీక్ష కూడా చేయించుకోండి, తప్పులేదు. కానీ స్నానాల గది నుంచి బయటికి రాగానే ఉండి, గాలి తగిలాక తగ్గిపోయే తలదిమ్ముకి నేను ముందు గీజర్‌నే అనుమానిస్తాను.

98 వచ్చిందని ధైర్యపడొద్దు. ఆ మిషన్ రక్తం ఎరుపుని చూసి లెక్కగడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా దానికి ఆక్సిజన్ నిండిన రక్తంలాగే కనిపిస్తుంది. మనిషి ప్రమాదంలో ఉన్నా అంకె బాగానే చూపిస్తుంది. అసలు సంగతి తేలాలంటే ఆస్పత్రిలో రక్తం తీసి కార్బాక్సీహిమోగ్లోబిన్ పరీక్ష చేయాలి, అదీ కళ్లు తిరిగిన వెంటనే వెళ్తేనే తెలుస్తుంది, ఎందుకంటే మామూలు గాలి పీలుస్తుంటే నాలుగైదు గంటల్లో అది సగానికి తగ్గిపోతుంది.

గీజర్ బాత్‌రూంలో ఉండకూడదు. బయట యుటిలిటీలోనో, గాలి ఆడే బాల్కనీలోనో బిగించి వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తేవాలి. ఓనర్‌తో ఈ మాట చెప్పండి, మీరు అడగడానికి మొహమాటపడితే ఈ పేజీ చూపించండి. ఆయన ఒప్పుకోకపోతే చిన్న ఎలక్ట్రిక్ గీజర్ కొనుక్కోండి, ఇల్లు మారినప్పుడు మీతో తీసుకెళ్లొచ్చు. అప్పటిదాకా తలుపు తెరిచిపెట్టి బకెట్ నింపుకోండి, గీజర్ ఆపండి, కాసేపు ఆగి అప్పుడు స్నానానికి వెళ్లండి. లోపల మనిషి ఉండగా గీజర్ మండకూడదు, అంతే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని ఊరుకోకండి. గాలి వచ్చే దారి లేని గదిలో ఆ ఫ్యాన్ గీజర్ పొగగొట్టంలోంచి పొగను తిరిగి లోపలికే లాగొచ్చు.

ఎవరైనా లోపల పలకడం లేదంటే ఆలోచిస్తూ నిలబడొద్దు. సిలిండర్ కట్టేసి, తలుపు తీసి, మనిషిని బయటి గాలికి లాక్కొచ్చి 108కి ఫోన్ చేయండి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, అక్కడ మాస్క్‌తో పూర్తి ఆక్సిజన్ పెడితే ఆ విషం త్వరగా దిగుతుంది. పీజీల్లో ఉండే పిల్లల తల్లిదండ్రులు కూడా ఈ వారమే ఫోన్ చేసి గీజర్ ఎక్కడుందో అడగండి. డిసెంబర్ చలికి గదిలో కుంపటి పెట్టుకుని తలుపులేసుకుని పడుకునేవాళ్లకూ ఇదే ప్రమాదం.

ప్రశ్న: మారతహళ్లిలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ మాది. గుంటూరు నుంచి వచ్చాం. బాబుకి ఆరేళ్లు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి రాత్రిళ్లు దగ్గు, తెల్లవారుజామున పిల్లికూతలు. పక్కనే అపార్ట్‌మెంట్ కడుతున్నారు, ఆ దుమ్ముకి భయపడి కిటికీలు తీయం. సాయంత్రం దీపం పెట్టి అగరొత్తులు వెలిగిస్తాం, శుక్రవారం సాంబ్రాణి వేస్తాం. దోమలకి పడకగదిలో కాయిల్ పెడతాం. డాక్టర్ ఇన్‌హేలర్ రాశారు, చిన్న వయసులోనే అలవాటైపోతుందని వాడటం లేదు. మావారు ఇరవై వేలు పెట్టి ఎయిర్ ప్యూరిఫైయర్ కొందామంటున్నారు. కొనమంటారా? (ఒక తల్లి, మారతహళ్లి)

జవాబు: ప్యూరిఫైయర్ సంగతి చివర్లో చెబుతాను. ఇన్‌హేలర్ వాడటం లేదన్న మాట చదివి మనసు చివుక్కుమంది. ఇన్‌హేలర్ అలవాటయ్యే మందు కాదమ్మా. అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. అదే మాత్రో సిరప్పో అయితే ఒళ్లంతా తిరిగి అక్కడికి చేరాలి కాబట్టి డోసు ఎక్కువ కావాలి. మీ బాబు వయసు పిల్లలకి స్పేసర్ అనే గొట్టం పెట్టి ఇస్తారు, ఎలా పట్టాలో మీ డాక్టర్ దగ్గరే ఒకసారి చేయించి చూడండి. ఇంట్లో పొగ తగ్గించడం మందుకి తోడు మాత్రమే, మందు మాత్రం ఆపకూడదు.

ఇక కాయిల్. అది ఈ రాత్రి నుంచే వద్దు. మలేసియా, చైనా కాయిళ్ల మీద 2003లో అచ్చైన ఒక అధ్యయనంలో ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేదాంతో సమానమని తేలింది. సన్నటి ధూళి అంటే పీఎం 2.5 అని మీరు వార్తల్లో వినేదే, ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల చివరి గదులదాకా వెళ్లిపోయేంత చిన్న రేణువులు. కిటికీలు మూసిన పదడుగుల గదిలో, నేలమీద పరుపు పక్కనే కాయిల్ పెట్టి, పిల్లాడు ఎనిమిది గంటలు అదే గాలి పీలుస్తున్నాడు. పిల్లలు బరువుని బట్టి చూస్తే పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు కూడా. పొద్దున మీరు నిద్రలేచేసరికి కాయిల్ బూడిదైపోయి ఉంటుంది, వాసన కూడా అంతగా తెలియదు, అందుకే తెల్లవారుజాము పిల్లికూతలకీ దానికీ సంబంధం ఉందని తట్టదు. దోమతెర కట్టండి, కిటికీలకి జాలీ వేయించండి. ప్లగ్‌లో పెట్టే లిక్విడ్‌లో పొగ లేదు గానీ మందు ఉంది, ఉబ్బసం ఉన్న పిల్లాడి తల దగ్గర అదీ వద్దు.

అగరొత్తుల గురించి రాస్తే ప్రతిసారీ కొందరికి కోపం వస్తుంది. మైసూరు, బెంగళూరు అంటేనే అగరొత్తులు, వాటిమీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, నాకు తెలుసు. అయినా ఉన్నమాట చెప్పాలి. ఒక గ్రాము సిగరెట్ కాలితే సుమారు 10 మిల్లీగ్రాముల రేణువులు వస్తాయి, ఒక గ్రాము అగరొత్తి కాలితే 45 మిల్లీగ్రాముల పైనే. పైగా బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటివి కూడా ఆ పొగలో ఉంటాయి. పూజ మానమని నేననను. నూనె దీపం, పూలు, కర్పూరం ఒక్క చిటికెడు, ఇవి చాలు కదా. శుక్రవారం సాంబ్రాణి వేయాలంటే బాల్కనీ తలుపూ, దానికెదురు కిటికీ రెండూ తీసి, బాబుని ఆ కాసేపు కిందికి ఆడుకోవడానికి పంపండి, పడకగదిలోకి మాత్రం ఆ కప్పు తీసుకెళ్లొద్దు. ఇది చదివేవాళ్లలో బాలింతలు ఉంటే వారికి ఒక మాట, పసిపిల్లలకి తలస్నానం చేయించాక జుట్టు ఆరడానికి సాంబ్రాణి పొగ పెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి మానేయండి. పొడి తువ్వాలు సరిపోతుంది.

వంటింటి గురించి మీరు రాయలేదు, కానీ ఫ్లాట్లలో వంటిల్లూ హాలూ కలిసే ఉంటాయి కాబట్టి చెబుతున్నాను. ఎండుమిర్చి తాలింపు ఘాటు ఇల్లంతా దగ్గు తెప్పిస్తుందని అందరికీ తెలుసు. ఘాటు లేనప్పుడు కూడా గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, అది ఉబ్బసం ఉన్నవాళ్లకి పడదు. పొయ్యి వెలిగించక ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంట అయ్యాక కూడా పది నిమిషాలు ఉంచండి. చిమ్నీ ఉంటే దాని పైపు నిజంగా గోడ దాటి బయటికి వెళ్తోందో లేదో ఒకసారి తలెత్తి చూడండి. పైపు లేని రకం చిమ్నీ నూనె జిడ్డుని పట్టి మిగతా గాలిని మళ్లీ మన వంటింట్లోకే వదులుతుంది.

ఇన్ని వెలిగించి కిటికీలు మూసుకుంటే అదంతా ఎటు పోవాలి? పక్క సైట్ దుమ్ము నిజమే, కాదనను. ఆ వైపు కిటికీలు పని జరిగేటప్పుడు మూసే ఉంచండి, రెండో వైపువి తీయండి. చలికాలం పొద్దున్నే బయటి మురికి నేలకి దగ్గరగానే ఆగిపోతుంది, ఆఫీసు ట్రాఫిక్ దానికి తోడవుతుంది, మధ్యాహ్నం ఎండ ఎక్కాక గాలి కాస్త తేలికపడుతుంది. ఇల్లంతా తెరవడానికి అదే మంచి సమయం. చీపురుతో పొడిగా ఊడిస్తే దిగిన దుమ్ము మళ్లీ లేస్తుంది, తడిబట్ట పెట్టండి. పరుపులో, దిండులో కంటికి కనపడని డస్ట్ మైట్స్ అనే పురుగులు ఉంటాయి, చెమ్మగా చల్లగా ఉండే ఈ ఊళ్లో వాటికి బాగా సాగుతుంది. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. వానాకాలం తర్వాత బీరువా వెనకాల గోడ నెమ్ము పట్టి నల్లటి మచ్చలు కనిపిస్తే అది బూజు, దానిమీద రంగు వేసి కప్పేస్తే లాభంలేదు, నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో చూసి ఆపాలి. బెంగళూరులో ఒక ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో ఉబ్బసం 1979లో 9 శాతం ఉంటే 1999 నాటికి 29.5 శాతానికి చేరింది. మీ బాబు ఒక్కడే కాదు, కంగారుపడకండి, కానీ తాత్సారం చేయకండి.

ఇప్పుడు ప్యూరిఫైయర్. పైన రాసినవన్నీ చేశాక, ఇంకా దగ్గు ఉంటే, డబ్బు ఇబ్బంది లేకపోతే పడకగదికి ఒకటి కొనండి. కాయిల్ వెలిగిస్తూ ప్యూరిఫైయర్ వేయడం వృథా ఖర్చు. హెపా ఫిల్టర్ ఉన్నదే చూడండి, అది రేణువుల్ని పడుతుంది, వంటగ్యాస్ మంట నుంచి వచ్చే వాయువుల్ని మాత్రం పట్టదు. పెట్టెమీద సీఏడీఆర్ అని, గంటకి ఎన్ని ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేస్తుందో రాస్తారు. పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు అనుకుంటే సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకి అయిదుసార్లు ఆ గాలంతా వడకట్టాలంటే 170 కావాలి. అంతకంటే తక్కువది చవగ్గా వస్తోందని తీసుకోవద్దు. ఫిల్టర్ మార్చడానికి ఎంతవుతుందో కొనేముందే అడగండి, ఓజోన్ వదులుతుందని గొప్పగా చెప్పే మోడల్ అయితే వదిలేయండి, ఓజోన్ ఊపిరితిత్తుల్ని మండిస్తుంది.

ప్రశ్న: స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ పెడితే గది గాలి శుభ్రమవుతుందట కదా? ఎన్ని పెట్టాలి? (ఒక పాఠకురాలు, బీటీఎం లేఅవుట్)

జవాబు: ముచ్చటకైతే ఎన్నైనా పెట్టుకోండి. ఈ మాటకి మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం, అది మూసిన చిన్న పెట్టెల్లో చేసింది. మామూలు ఇంటికి లెక్కేస్తే గాలి మార్పిడితో సమానంగా పనిచేయాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని 2019లో పాత ప్రయోగాలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. కిటికీ తీయండి, అది ఉచితం.

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్లు, సిగరెట్ తాగరు. ఏడాదిగా పొడిదగ్గు, ఇప్పుడు రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం. రోజూ బాల్కనీలో పావురాలకి గింజలు వేస్తారు, రెట్టలు ఆయనే ఊడుస్తారు. సంక్రాంతికి ఊరెళ్తే దగ్గు తగ్గింది, రాగానే మళ్లీ మొదలైంది. వయసు వల్లనే అంటారా? (ఒక కోడలు, వైట్‌ఫీల్డ్)

జవాబు: వయసు మీద తోసేయకండి. ఊరెళ్తే తగ్గడం, ఇంటికి రాగానే తిరగబెట్టడం అనేది చాలా పెద్ద ఆనవాలు, దాన్ని గమనించి రాసినందుకు మీకు దణ్ణం పెట్టాలి. ఎండిన పావురాల రెట్టలూ ఈకల పొడీ ఏళ్ల తరబడి పీలిస్తే కొందరి ఊపిరితిత్తులు వాచి మెల్లగా గట్టిపడిపోతాయి. హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్ అంటారు. మొదట్లో పట్టుకుంటే చాలావరకు వెనక్కి తీసుకురావచ్చు, గట్టిపడ్డాక మళ్లీ మెత్తబడవు. మన దేశంలో 19 నగరాల్లో ఊపిరితిత్తులు ఇలా గట్టిపడే జబ్బులున్న 1,084 మందిని చూసి 2017లో వివరాలు ప్రచురించారు, వాళ్లలో 47 శాతం మందికి ఉన్నది ఇదే. అందులో దాదాపు సగం మంది ఇళ్లలో ఎయిర్ కూలర్లు వాడేవాళ్లు, తడి గడ్డిలో బూజు పెరిగి ఆ గాలే వస్తుంది. పావురాలు ఒక్కటే కారణం అనుకోకండి.

ఛాతీ డాక్టర్‌కి చూపించి, ఊపిరితిత్తుల్ని వివరంగా చూపించే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ గురించి అడగండి, పావురాల సంగతి మీరే చెప్పండి, అడగకపోయినా చెప్పండి. గింజలు ఈరోజే మానేయాలి, ఆయనకి అది కష్టంగా ఉంటుంది, పొద్దున ఆయనకంటూ ఉన్న పని అదొక్కటే కావచ్చు, కాబట్టి మొక్కలకి నీళ్లు పోయడమో, మనవరాలిని బస్సు ఎక్కించడమో ఏదో ఒకటి చేతికివ్వండి. బాల్కనీకి నెట్ కట్టించండి. రెట్టలు ఆయన ముట్టుకోకూడదు. శుభ్రం చేసేవాళ్లు నీళ్లు చల్లి నానబెట్టి, ఎన్‌95 మాస్క్ పెట్టుకుని తీయాలి.

ప్రశ్న: అన్నా, నేను ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేస్తా. మదనపల్లె దగ్గర పల్లెలో అమ్మ ఒక్కతే. గ్యాస్ ఉన్నా సంగటికి, నీళ్లు కాగడానికి మల్బరీ కట్టెలు, కందికట్టె పెట్టి పొయ్యి మీదే చేస్తుంది. రుచి అంటది, సిలిండర్ అయిపోతాదంటది. పొద్దున దగ్గు, కఫం. ఏం చెప్పి మానిపించాల? (ఒక తమ్ముడు, ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: తమ్ముడూ, వంటచెరకు, పిడకలు, బొగ్గుల పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జీవితంలో బీడీ ముట్టని ఆడవాళ్లకు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి దగ్గు, ఆయాసం వదలని జబ్బు వస్తోందంటే మన పల్లెల్లో ముఖ్య కారణం ఈ పొయ్యే. కంటి శుక్లాలు త్వరగా రావడానికి కూడా ఇది కారణమవుతుంది. అయితే అమ్మని ఒకేసారి మానేయమంటే మానదు. ఆమె లెక్క ఆమెకుంది, పట్టుపురుగుల షెడ్డు దగ్గర మల్బరీ కట్టె ఊరికే వస్తుంటే డబ్బు పెట్టి సిలిండర్ ఎందుకు కాల్చాలి అనుకుంటుంది, అందులో తప్పేముంది.

అందుకే ముందు నీళ్ల పొయ్యి సంగతి చూడు. ఎక్కువ పొగ, ఎక్కువసేపు ఉండే పొయ్యి అదే, దాన్ని ఇంట్లోంచి తీసి పెరట్లో బయట పెట్టించు, లేదా ఒక చిన్న ఎలక్ట్రిక్ గీజర్ బిగించు. సంగటి కట్టెపొయ్యి మీదే కావాలంటే అదీ బయటే, పైన రేకు, మూడు పక్కలా తెరిపి. కట్టె బాగా ఎండి ఉండాలి, పచ్చికట్టె పొగకి లెక్కలేదు. అన్నం, కూర, టీ గ్యాస్ మీదకి మారిస్తే చాలావరకు అయిపోయినట్టే. దీపం పథకం 1999 నుంచి ఉన్నదే, 2024 నవంబర్ నుంచి దీపం-2 కింద అర్హులైన ఇళ్లకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. అమ్మ పేరు మీద అవి వస్తున్నాయో లేదో, సబ్సిడీ ఖాతాలో పడుతోందో లేదో నువ్వే ఫోన్ చేసి కనుక్కో. నాలుగోదానికి డబ్బు నువ్వు పంపు, ముందే పంపు, అయిపోయాక కాదు.

ఈసారి అమ్మ బెంగళూరు వచ్చినప్పుడు స్పైరోమెట్రీ చేయించు. గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష, సూది లేదు, నొప్పి లేదు, పావుగంటలో అయిపోతుంది. బీడీ తాగదు కదా అని డాక్టర్లు కూడా కొన్నిసార్లు ఈ పరీక్ష రాయరు, కాబట్టి ఇన్నేళ్లుగా పొయ్యి దగ్గర వండుతోందని ముందే చెప్పు.